సువార్త ఎవరి సొత్తు?
స్కాట్లాండు సంఘ చరిత్ర నుండి ఒక పాఠము

పఠన భాగములు: హెబ్రీయులకు 13:7, 8, కొలొస్సయులకు 1:15–20, మార్కు 1:40–45



మొన్న పసుపు తవ్వకముల దినములలో మన ఏర్గట్ల యౌవనస్థులు కొందరు పని ముగించుకొని టీ కొట్టునొద్ద కూర్చుండగా, ఊరివాడొకడు నవ్వుచు, "మీది దొరల మతం గద. ఆ దొరలు ఎప్పుడో పోయిండ్రు. మీరెందుకు ఇంకా పట్టుకొని ఉన్నరు?" అని అడిగెనట. మన పిల్లలు తల వంచుకొని ఊరకుండిరి. తరువాతి ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట ఆ మాటను మా యొద్దకు తెచ్చిరి. అడిగినవాడు మనకు పగవాడు కాడు. మన పొలము ప్రక్క పొలమువాడే. అతని ప్రశ్నలో తప్పు లేదు. మనకు జవాబు తెలియకపోవుటయే లోపము.

మన జిల్లాలో పని చేసిన మిషనెరీలను పెద్దలు దొరగారు, దొరసానమ్మగారు అని పిలిచిరి. వారిలో అందరికంటె ఎక్కువగా మన ప్రాంతపు బీదలు జ్ఞాపకముంచుకొనినది డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిని స్థాపించిన డాక్టరు ఇసబెల్ కెర్ అమ్మగారిని. ఆమె స్కాట్లాండు దేశస్థురాలు. కాబట్టి ఈ నెల పాఠములో ఆమె జనులనే తీసికొని విచారింతము. ఆ దొరలు క్రైస్తవులుగా పుట్టిరా? వారికి సువార్త ఎవరు చెప్పిరి? వారు దానిని ఎట్లు కాపాడుకొనిరి, ఎక్కడ తప్పిపోయిరి? ఇవి తెలిసికొనినయెడల టీ కొట్టునొద్ద అడుగబడిన ప్రశ్నకు జవాబు దొరకును.

1. వారును పూర్వము ఎరుగనివారే

స్కాట్లాండు బ్రిటను ద్వీపమునకు ఉత్తర భాగము. కొండలు, సరస్సులు, చలిగాలులు గల దేశము. పూర్వము అక్కడ పిక్టులు మొదలగు జాతులు నివసించుచు, తమ పితరుల దేవతలను కొలుచుచుండిరి. ఐర్లండు నుండి సముద్రము దాటి పడమటి తీరమున స్థిరపడినవారే స్కాట్లు. తరువాత వీరి పేరే దేశమంతటికి నిలిచెను.

ఆ దేశపు దక్షిణమున విత్‌హార్న్ అను చోట నినియను అను బోధకుడు రాతితో ఒక దేవాలయము కట్టెనని క్రీ.శ. 731లో బీడ్ అను చరిత్రకారుడు వ్రాసెను. దానిని జనులు తెల్లని ఇల్లు అని పిలిచిరి. క్రీ.శ. 450 ప్రాంతమున చెక్కబడిన క్రైస్తవ శిలాఫలకమొకటి అక్కడనే దొరికినది. అనగా యెరూషలేములో పెంతెకొస్తు జరిగిన తరువాత నాలుగు వందల యేండ్లకు గాని ఆ జనులలో సంఘము వేరు పట్టలేదు. మన భారతదేశమునకు అపొస్తలుడైన తోమా మొదటి శతాబ్దములోనే వచ్చెనని కేరళ క్రైస్తవుల సంప్రదాయము. ఆ లెక్కన చూచినయెడల మన దేశమువారు విన్న చాల కాలమునకు ఆ దొరలు వినిరి!

2. పుట్టిలో వచ్చిన బోధకుడు

క్రీ.శ. 563లో కొలంబా అను ఐర్లండు దేశస్థుడు పండ్రెండుగురు శిష్యులతో సముద్రము దాటి అయోనా అను చిన్న ద్వీపములో దిగెను. ఆ కాలపు పడవలు మన గోదావరిలో నడుచు పుట్టివంటివే. బద్దలు అల్లి, దానిమీద తోలు కప్పి చేసినవి. అట్టి పడవలలో నదిని దాటుటకే మనము జంకుదుము. వారు సముద్రమును దాటిరి. వారి చేత కత్తి లేదు, వారి వెనుక సైన్యము లేదు.

అయోనా పొడవు అయిదు కిలోమీటర్ల చొప్పున ఉండును. ఆ చిన్న ద్వీపములో వారు పొలము దున్నుచు, ప్రార్థన చేయుచు, లేఖనములను చేతితో నకలు వ్రాయుచు, చుట్టు ప్రక్కల జాతులలో సువార్త ప్రకటించుచు నుండిరి. కొలంబా 597లో మరణించెను. చనిపోవు దినమున అతడు 34వ కీర్తనను నకలు వ్రాయుచు, యెహోవాను ఆశ్రయించువారికి ఏ మేలును కొదువ కాదను భావము గల 10వ వచనము నొద్ద కలము ఆపి, మిగిలినది తన తరువాతి వాడు వ్రాయునని చెప్పెనని అతని జీవితమును వ్రాసిన అడోమ్నాను తెలుపుచున్నాడు. ఒక సేవకుడు ఆపిన చోట మరియొకడు మొదలుపెట్టవలెను. సంఘ చరిత్ర అంతయు ఇంతే గదా!

ఈ అడోమ్నాను కూడ అయోనాలో పెద్దయై యుండి, 697లో యుద్ధములయందు స్త్రీలను, పిల్లలను, బోధకులను చంపరాదని ఒక చట్టము ఏర్పరపించెను. ఇంకొక సంగతి గమనించుడి. 635లో అయోనా నుండి ఐదాను అను బోధకుడు వెళ్లి ఉత్తర ఇంగ్లండు ప్రజలకు క్రీస్తును ప్రకటించెను. ఇంగ్లీషువారికి కూడ బయటివారే సువార్త తెచ్చిరన్నమాట.

ఆ ద్వీపమునకు శ్రమలు లేకపోలేదు. 795 మొదలుకొని ఉత్తర దేశపు సముద్రపు దొంగలు అయోనామీద పడి దోచిరి. 806లో 68 మంది సన్యాసులను చంపిరి. అయినను దీపము ఆరిపోలేదు.

3. గ్రంథము ప్రజల చేతికి వచ్చుట

కాలము గడచెను. దేవాలయములు పెద్దవాయెను, భూములు పెరిగెను, గాని సామాన్యులకు లేఖనము దూరమాయెను. ఆరాధన లాటిను భాషలో జరుగుచుండగా రైతుకు ఒక్క మాటయు తెలియకుండెను. అప్పుడు పాట్రిక్ హామిల్టన్ అను యౌవనస్థుడు విశ్వాసమూలముగానే రక్షణ అని బోధించినందుకు 1528 ఫిబ్రవరి 29న సెయింట్ ఆండ్రూస్ పట్టణములో సజీవముగా కాల్చబడెను. 1546లో జార్జి విషార్టు అదే పట్టణములో అట్లే మరణించెను. విషార్టు వెంట నడిచిన జాన్ నాక్సు 1547లో చెరపట్టబడి, పంతొమ్మిది నెలలు ఫ్రెంచివారి ఓడలో సంకెళ్లతో తెడ్డు వేసెను.

విడుదలైన నాక్సు తన దేశమునకు తిరిగి వచ్చి బోధించెను. 1560లో స్కాట్లాండు పార్లమెంటు పోపు అధికారమును త్రోసివేసి, సంస్కరింపబడిన విశ్వాస ప్రమాణమును అంగీకరించెను. అప్పుడు నాక్సును ఆయన తోటివారును వ్రాసిన క్రమములో ఒక గొప్ప మాట కలదు. ప్రతి సంఘమునకు ఒక బడి ఉండవలెను, బీదవాని బిడ్డయు చదువవలెను అని వారు కోరిరి. ఆ కోరిక ఒక్క దినమున నెరవేరలేదు. 1696లో ప్రతి పారిషులోను భూస్వాములు బడి కట్టించి ఉపాధ్యాయునికి జీతమియ్యవలెనని చట్టము వచ్చెను. అనగా నూట ముప్పదియారు సంవత్సరములు పట్టెను. గాని దాని ఫలముగా కాపరుల పిల్లలు, కూలివారి పిల్లలు బైబిలు చదువగలిగిరి. సాయంకాలమున ఇంటి యజమానుడు కుటుంబమును కూర్చుండబెట్టి వాక్యము చదివి, కీర్తన పాడి, ప్రార్థించుట అనేక గృహములలో వాడుకయాయెను.

మన సంఘములలో నేడు ఎన్ని ఇండ్లలో బైబిలు కలదు? కలిగినను, అది పెట్టెలో గుడ్డ చుట్టియున్నదా, చేతిలో నున్నదా? ప్రతి ఇంటివారును తమ్మును తాము అడుగుకొనవలెను.

4. సంఘమునకు శిరస్సు ఎవరు?

స్కాట్లాండు విశ్వాసులు మూడు వందల యేండ్లు పోరాడిన సంగతి ఇదియే. రాజు, నేను సంఘమునకు పెద్దను అనెను. భూస్వామి, మీ పాస్టరును నేను నియమించెదను అనెను. సంఘమైతే, మాకు శిరస్సు క్రీస్తు ఒక్కడే అని జవాబు చెప్పెను. 1596లో ఆండ్రూ మెల్విల్ అను బోధకుడు ఆరవ జేమ్సు రాజు చొక్కా చెయ్యి పట్టుకొని, ఈ దేశములో రాజులిద్దరున్నారు, క్రీస్తు రాజ్యములో నీవు రాజువు కావు, సభ్యుడవు మాత్రమే అని చెప్పెను.

1638లో వేలమంది జనులు ఒక నిబంధన పత్రముపై చేవ్రాళ్లు చేసిరి. తరువాత వచ్చిన హింసలో కాపరులు కొండలలో, లోయలలో కూటములు జరుపుకొనిరి. 1685లో విగ్‌టన్ అను ఊరిలో మార్గరెటు విల్సన్ అను పదునెనిమిదేండ్ల పిల్లను, మార్గరెటు మక్‌లాక్లన్ అను వృద్ధురాలిని సముద్రపు ఆటుపోటులలో గుంజలకు కట్టి, రాజుకు లోబడుదుమని ప్రమాణము చేయనందున నీట ముంచి చంపిరి. వారి సమాధులు ఆ ఊరి దేవాలయపు ఆవరణలో ఉన్నవి.

1712లో ఒక చట్టము భూస్వామికి పాస్టరును నియమించు హక్కునిచ్చెను. సంఘస్థులు వద్దన్నను అతడు నియమించినవాడే పాస్టరు. ఈ భారము నూరేండ్లకు పైగా సాగెను. తుదకు 1843 మే 18న ఎడింబరో పట్టణములో మహాసభ కూడినప్పుడు తామస్ చామర్సు మొదలగువారు లేచి బయటికి నడిచిరి. సుమారు 1,200 మంది పాస్టర్లలో 474 మంది తమ జీతములను, నివాస గృహములను, దేవాలయములను విడిచిపెట్టి స్వేచ్ఛా సంఘమును స్థాపించిరి. చిన్న పిల్లలను వెంటబెట్టుకొని ఎక్కడికి పోవుదుమో తెలియక ఇల్లు విడిచిన కుటుంబములను తలంచుకొనుడి.

అనేక స్థలములలో భూస్వాములు ఆరాధనకు జాగా ఇయ్యలేదు. స్ట్రాన్షియన్ అను ఊరిలో అట్లు జరుగగా, అక్కడి విశ్వాసులు 1846లో ఇనుముతో తేలెడు దేవాలయమును చేయించి, సముద్రపు పాయలో లంగరు వేసి, పడవలపై వెళ్లి ఆరాధించిరి. భూమి దొరదే గాని నీరు దేవునిది! ఇంత మందికి జీతములు ఎక్కడ నుండి వచ్చెను? వారమునకు ఒక పెన్నీ చొప్పున బీదవారును వేయవలెనని చామర్సు ఒక నిధిని ఏర్పరచెను. కలిగిన సంఘముల కానుక లేమి గల సంఘముల పాస్టర్లకును చేరెను. మన స్త్రీలు పొయ్యి మీద ఎసరు పెట్టునప్పుడు ప్రక్కకు తీయు పిడికెడు బియ్యము ఈ జాతిలోనిదే.

5. వారి తప్పిదములు

ప్రియులారా, మంచిని మాత్రమే చెప్పి ఊరకొనుట సత్యము కాదు. బైబిలు దావీదు పాపమును దాచలేదు. మనము స్కాట్లాండు సంఘపు పాపమును దాచనక్కర లేదు.

మొదటిది. 1563లో మంత్రగత్తెలను చంపుటకు ఆ దేశములో చట్టము చేయబడెను. అది 1736 వరకు అమలులో నుండెను. ఆ కాలములో సుమారు 3,800 మందిమీద ఆ నేరము మోపబడెను. వారిలో ఎక్కువ మంది స్త్రీలు. విచారణలకు సాక్ష్యములు పోగుచేసినవారిలో సంఘ పెద్దలు కూడ ఉండిరి. బైబిలు చేతబట్టినవారే నిర్దోషులైన విధవరాండ్రను కాల్చుటకు అప్పగించిరి. 2022లో స్కాట్లాండు ప్రభుత్వ ముఖ్యురాలు, అదే సంవత్సరము అక్కడి సంఘపు మహాసభ, ఆ పాపమునకు బహిరంగముగా క్షమాపణ చెప్పిరి.

మన ప్రాంతములో బాణామతి, చేతబడి అను నిందతో ఎందరు కొట్టబడిరో, ఎందరి పండ్లు ఊడగొట్టబడెనో, ఎందరు చంపబడిరో మనకు తెలియనిది కాదు. పిల్లకు జ్వరము వచ్చినప్పుడు, బర్రె చచ్చినప్పుడు, ఫలానా ముసలమ్మ చూపు పడినదని గుసగుసలాడువారిలో మన సంఘస్థులు లేరా? ఆదివారము హల్లెలూయ పాడి, సోమవారము అట్టి మాట పలికిన నోరు ఒక ప్రాణమును తీయగలదు. ఊరంతయు ఒకరిని నిందించుచున్న దినమున, ఆ ఇంటి గడప నొద్ద నిలుచుట మన పని.

రెండవది. జీతములు విడిచి వచ్చిన ఆ స్వేచ్ఛా సంఘమే 1844లో అమెరికా దేశపు దక్షిణ రాష్ట్రములలో బానిసలను ఉంచుకొనినవారి యొద్ద నుండి సుమారు 3,000 పౌండ్లు కానుకగా తీసికొనెను. బానిసత్వము నుండి తప్పించుకొని వచ్చిన ఫ్రెడరిక్ డగ్లసు 1846లో స్కాట్లాండు అంతట తిరిగి, ఆ డబ్బు తిరిగి పంపివేయుడని వేడుకొనెను. వారు పంపలేదు. దేవుని పని కొరకే గదా అని సరిపెట్టుకొనిరి. దేవుని పనికైనను ఒకని కన్నీటి సొమ్ము తగదు. దేవాలయము కట్టుకొను ప్రతి సంఘము ఈ మాట జ్ఞాపకముంచుకొనవలెను.

మూడవది. వారు మాటిమాటికి చీలిపోయిరి. కొన్ని చీలికలు మనస్సాక్షి కొరకు. కొన్ని పంతము కొరకు. తిరిగి కలియుటకు 1900 వరకు, 1929 వరకు పట్టెను. కుర్చీ కొరకు ఒక్క రాత్రిలో సంఘమును రెండు చేయువారు, అతుకుటకు ఎన్ని తరములు పట్టునో ఆలోచింపవలెను.

6. మన యొద్దకు వచ్చిన దీపము

1796లో స్కాట్లాండు మహాసభ యెదుట అన్యదేశములకు సువార్త పంపవలెనను మాట వచ్చినప్పుడు పెద్దలు దానిని త్రోసివేసిరి. 1824లో గాని అంగీకరింపలేదు. వారి మొదటి మిషనెరీ అలెగ్జాండరు డఫ్. త్రోవలో ఆయన ఓడ బ్రద్దలై ఎనిమిది వందల పుస్తకములు నీటి పాలు కాగా, ఒక బైబిలును కీర్తనల గ్రంథమును ఒడ్డుకు కొట్టుకొని వచ్చెను. వాటితోనే ఆయన 1830లో కలకత్తా చేరి బడి తెరిచెను. 1837లో జాన్ ఆండర్సన్ మద్రాసులో ఒక బడి స్థాపించెను. అదియే పెరిగి మద్రాసు క్రైస్తవ కళాశాల ఆయెను. స్కాట్లాండు మిషను ఫలమైన దక్షిణ దేశపు సంఘములు 1908లో దక్షిణ ఇండియా ఐక్య సంఘములో చేరెను. ఆ ఐక్య సంఘము, మెథడిస్టు సంఘము, ఆంగ్లికను సంఘము కలిసి 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఆయెను. మన మెదకు అధ్యక్ష మండలము అందులోనిదే. అనగా మెథడిస్టుల పాటయు, ఆంగ్లికనుల క్రమమును, స్కాట్లాండువారి పెద్దల పరిపాలనయు ఒక్క కుటుంబములో కలిసినవి.

ఇక ఇసబెల్ కెర్ అమ్మగారి సంగతి. ఆమె 1875లో ఉత్తర స్కాట్లాండులో ఒక రైతు కుటుంబమున పుట్టెను. స్త్రీలు వైద్యము చదువుట అరుదైన ఆ దినములలో అబర్డీను విశ్వవిద్యాలయమున చదివి 1903లో పట్టము పొందెను. భర్తయైన జార్జి కెర్ పాదిరిగారితో 1907లో వెస్లియను మెథడిస్టు మిషను పక్షమున హైదరాబాదు సంస్థానమునకు వచ్చెను. నిజామాబాదులో పని చేయుచుండగా పెద్దరోగము గలవారు ఆమె కంటబడిరి. ఇంటివారు త్రోసివేసిన వారు, చెట్ల క్రింద, ఊరి బయట, కుండ పెంకులో గంజి త్రాగుచున్న వారు. వారికి మందునిచ్చు చోటు ఈ ప్రాంతమున లేకుండెను.

ఆమె చిన్నగా ప్రారంభించిన పని, 1915లో డిచ్‌పల్లి యొద్ద ఆసుపత్రిగా నిలిచెను. ఆర్మూరు దాటి హైదరాబాదు రోడ్డున పోవు మనము ఆ ఊరి మీదుగానే పోవుదుము. దీనికి ధనమిచ్చి ఆదుకొనినవారిలో ముఖ్యుడు రాజా నర్సాగౌడు అను హిందూ దాత. మంచి సమరయుడు ఏ ఊరివాడని యేసు ప్రభువు అడుగలేదు. మనమును ఈ ఉపకారమును కృతజ్ఞతతో చెప్పుకొనవలెను. ఆ కాలమున చాల్‌మోగ్ర జాతి నూనెను సూదిమందుగా ఇచ్చుచుండిరి. అది నొప్పి గలది, నెలల తరబడి తీసికొనవలసినది. 1923లో ప్రభుత్వము ఆ దంపతులకు కైసరె హింద్ పతకమునిచ్చెను. 1932లో ఆమె కన్ను మూసెను.

నేడు ఈ రోగమునకు మంచి మందులు కలవు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన బహుళ ఔషధ చికిత్సను సర్కారు దవాఖానాలో ఉచితముగా ఇచ్చుచున్నారు; ఆరు నెలలు గాని సంవత్సరము గాని వాడిన నయమగును. స్పర్శ లేని మచ్చ కనబడిన వెంటనే చూపించుకొనినయెడల చేతులు కాళ్లు వంకర పోవు. అయినను కొందరు దాచుకొనుచున్నారు. ఎందుకు? రోగమునకు కాదు, మన నోటికి భయపడి. పెండ్లి సంబంధములు చెడునని, బల్ల యొద్ద ప్రక్కన ఎవరును కూర్చుండరని భయపడి. యేసు ప్రభువు ఆ మనుష్యుని మాటతోనే బాగుచేయగలిగియుండియు, ముందుగా చెయ్యి చాపి ముట్టెను. ఆ ముట్టుటలోనే సగము స్వస్థత కలదు.

7. ఇప్పుడు జవాబు చెప్పుదము

సువార్త దొరల సొత్తు కాదు. యూదయలో పుట్టినది, ఐర్లండు మీదుగా స్కాట్లకు వచ్చినది, స్కాట్ల నుండి ఇంగ్లీషువారికి పోయినది, వారందరి నుండి మనకు వచ్చినది. ఎవరును దానిని తమ ఇంట పండించుకొనలేదు, అందరును పుచ్చుకొనినవారే. మన పల్లెలలో దానిని ఇంటింటికి మోసినవారు కూడ ఎక్కువగా దొరలు కారు. కాలినడకను తిరిగిన మన తెలుగు బోధకులు, బైబిలు స్త్రీలు.

పుచ్చుకొనినది చేజారిపోవచ్చును కూడ. 2022 జనాభా లెక్కలలో స్కాట్లాండు ప్రజలలో నూటికి 51 మంది తమకు ఏ మతమును లేదని చెప్పిరి. దేవాలయములు అనేకము మూతబడి అమ్ముడుపోవుచున్నవి. హామిల్టన్ కాలిన దేశము, కొలంబా దిగిన దేశము! దీనిని చూచి మనము అతిశయింపరాదు, భయపడవలెను. తాత విశ్వాసము మనుమనికి పొలమువలె పట్టా కాదు. ప్రతి తరము తానే పుచ్చుకొనవలెను.

కాబట్టి యౌవనస్థులారా, మరల ఎవరైన అడిగినయెడల తల వంచుకొనకుడి. కోపపడకయు నుండుడి. "మాకు తెచ్చినవారు బయటివారే అన్నా, వారికి తెచ్చినవారును బయటివారే. ఇచ్చినవాడు మాత్రము దేవుడు. ఆయన నీకును బయటివాడు కాడు" అని నెమ్మదిగా చెప్పుడి. దానికంటె మేలైన జవాబు మరియొకటి కలదు. ఊరు వెలివేసిన ఇంటికి మీరు నీళ్ల బిందె మోసిన దినమున, మీ మతము ఎవరిదని ఎవరును అడుగరు.

కూటములలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన ఇంట వాక్యము చదువుట ఏ దినమున, ఏ వేళను జరుగుచున్నది? చదువు రాని పెద్దలకు ఎవరు చదివి వినిపించుచున్నారు?
2. మన సంఘ విషయములలో తుది మాట క్రీస్తుదా, డబ్బు గలవానిదా?
3. బాణామతి నింద మోపబడినవారి పక్షమున మన సంఘము ఏమి చేయగలదు?
4. మచ్చలు గలవారిని దవాఖానాకు తోడుకొని పోవుటకు మనలో ఎవరు సిద్ధము?

ప్రార్థన

సకల జనములకు తండ్రివైన దేవా, మాకు ముందు నడిచిన నీ సేవకుల నిమిత్తము స్తోత్రము. వారి విశ్వాసమును మాకు దయచేయుము, వారి తప్పులనుండి మమ్ము తప్పించుము. దీపము మసకబారుచున్న స్కాట్లాండు సంఘమును తిరిగి వెలిగించుము. మా ఊరిలో త్రోసివేయబడినవారి నొద్దకు మమ్మును పంపుము. సంఘమునకు శిరస్సైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.